జిల్లాకో విమానాశ్రయం ఎవరి కోసం?

శంషాబాద్ విమానాశ్రయంలో 2023-24లో ప్రయాణికుల సంఖ్య దాదాపు రెండున్నర కోట్లకు చేరింది. ఆ అంకె పత్రికల్లో వచ్చిన నాటి నుంచి ఒక వాదం ఊపందుకుంది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునే పరిశోధక విద్యార్థుల దగ్గరా అదే మాట, తార్నాక చౌరస్తాలో టీ కొట్టు దగ్గరా అదే మాట. “రాష్ట్ర జనాభా మూడున్నర కోట్లు. రెండున్నర కోట్ల మంది విమానం ఎక్కుతున్నరు. ఇంకా ఒక్క శంషాబాద్‌తోనే సరిపెట్టుకోమంటే ఎట్లా? వరంగల్‌కు కావాలె, ఆదిలాబాద్‌కు కావాలె, కొత్తగూడేనికి కావాలె. ఎయిర్‌పోర్టు వస్తే కంపెనీలు వాటంతటవే వస్తయి.” ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే వరస. కుప్పం, దగదర్తి, ఒంగోలు, తాడేపల్లిగూడెం, నాగార్జునసాగర్, శ్రీకాకుళం అంటూ జాబితా పెరుగుతూనే ఉంది. ప్రభుత్వాలు మారినా, పార్టీలు మారినా ఈ ఒక్క విషయంలో ఎవరికీ పేచీ లేదు. అందుకే దీన్ని గట్టిగా కాదనేవాళ్లు కొందరైనా ఉండాలి.

నా వాదం ఇది: విమానాశ్రయం ప్రయాణికులను పుట్టించదు. ఊళ్లో అప్పటికే ఉన్న సంపాదనను, వ్యాపారాన్ని, వలసను అది మోసుకుపోతుంది. అవి లేనిచోట ఎంత పొడవు రన్‌వే వేసినా అది ఖాళీగానే ఉంటుంది, ఆ ఖాళీకి అయ్యే ఖర్చు విమానం ఎన్నడూ ఎక్కనివాళ్ల నెత్తిన పడుతుంది.

ముందు ఆ అంకె సంగతి తేల్చాలి. విమానాశ్రయాల్లో లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, రాకపోకల్ని. ఎక్కినవారినీ దిగినవారినీ కలిపితే వచ్చేదే ప్రయాణికుల సంఖ్య. హబ్సిగూడలో ఇల్లున్న ఉద్యోగి ఒకరు కంపెనీ పని మీద నెలకు రెండుసార్లు బెంగళూరు వెళ్లొస్తే, ఏడాది తిరిగేసరికి శంషాబాద్ పద్దులో ఆయన ఒక్కడే 48 మంది ప్రయాణికులు అవుతాడు. బెంగళూరు పద్దులో మరో 48 మంది. రాజమండ్రి నుంచి వచ్చి శంషాబాద్‌లో విమానం మారి ఢిల్లీ పోయే మనిషి హైదరాబాద్ ఊళ్లో అడుగే పెట్టడు. అయినా దిగినందుకు ఒకసారి, ఎక్కినందుకు ఒకసారి లెక్కలోకి వస్తాడు. ఇందులో మోసం ఏమీ లేదు. ప్రపంచమంతటా ఇలాగే లెక్కిస్తారు. చెక్-ఇన్ కౌంటర్లు ఎన్ని కావాలి, సామాను బెల్టులు ఎన్ని కావాలి, భద్రతా తనిఖీకి ఎంతమంది సిబ్బంది ఉండాలి అని తేల్చుకోవడానికి ఈ లెక్క చక్కగా పనికొస్తుంది. రాష్ట్రంలో ఎంతమంది విమానం ఎక్కారో చెప్పడానికి మాత్రం పనికిరాదు. దాన్ని జనాభా పక్కన పెట్టి, మూడు వంతుల్లో రెండు వంతుల మంది గాల్లో తిరుగుతున్నట్టు మాట్లాడటం తప్పుడు లెక్క. ఆ తప్పుడు లెక్క మీద వందల ఎకరాల భూసేకరణ నిర్ణయాలు జరగడం అంతకన్నా పెద్ద తప్పు.

ఇంకో సంఖ్య పక్కన పెడితే గానీ దీని అసలు కొలత తెలియదు. తార్నాకవాళ్లకు ఆర్టీసీని ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు, ఆర్టీసీ ఆసుపత్రి ఇక్కడే ఉంది. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా విభాగమే పెరిగి పెరిగి నేటి సంస్థ అయింది. తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఇవాళ రోజుకు 50 లక్షలకు పైగా ప్రయాణాలు జరుగుతున్నాయి. అంటే శంషాబాద్ ఎక్కినవారినీ దిగినవారినీ కలిపి ఏడాది మొత్తానికి చూపించే సంఖ్య, ఆర్టీసీకి ఐదు రోజుల పని. రద్దీని బట్టే రవాణా మీద ఖర్చు పెట్టాలన్నది ఎదుటివారి సూత్రమైతే, ఆ సూత్రం ప్రకారం ముందు డబ్బు ఎక్కడికి పోవాలో వాళ్లే చెప్పాలి.

ఇక ఆ సంఖ్య లోపల ఉన్నదెవరు? ఆగస్టు నెలలో తెల్లవారకముందే తార్నాక స్టాపు దగ్గర నిలబడితే, సికింద్రాబాద్ నుంచి ఉప్పల్, ఎల్బీనగర్ మీదుగా శంషాబాద్ పోయే పుష్పక్ బస్సు కోసం చూసేవాళ్లు కనిపిస్తారు. ఇరవై రెండు ఇరవై మూడేళ్ల అమ్మాయి. రెండు పెద్ద సూట్‌కేసులు, ఇంట్లోనే తూకం వేసి ఒక్కోటి 23 కిలోలు దాటకుండా సర్దినవి, చుట్టూ టేపు, పైన అమెరికా యూనివర్సిటీ చిరునామా రాసిన కాగితం. తల్లి ఆవకాయ ప్యాకెట్ కారుతుందేమోనని మరోసారి తడిమి చూస్తుంది. తండ్రి ఫైలు తెరిచి ఐ-20 కాగితం, బ్యాంకు లోను పత్రాలు ఉన్నాయో లేదో చూసి మూస్తాడు, మళ్లీ తెరుస్తాడు. బస్సు వచ్చేసరికి అందులో జేబీఎస్‌లో ఎక్కిన జగిత్యాల కుర్రాడు ఒకడు అప్పటికే కూర్చుని ఉంటాడు. ఒక్కటే బ్యాగు, ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్టు, చేతిలో ఏజెంటు నంబరు రాసుకున్న చీటీ. దుబాయ్‌కో దోహాకో పోతున్నాడు.

వాళ్లిద్దరూ ఆ రెండున్నర కోట్లలో ఉన్నారు. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ తెరుచుకున్నదీ 2008లోనే, శంషాబాద్ తెరుచుకున్నదీ 2008లోనే. అప్పటినుంచి మన చదువుకున్న పిల్లల రాకపోకలు, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల గల్ఫ్ కార్మికుల రాకపోకలు ఆ భవనంలోంచే సాగుతున్నాయి. పిల్లలు వెళ్లడం తప్పని నేననను. వెళ్లినవాళ్లు ఇళ్లు నిలబెట్టారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు, తమ్ముళ్లను చదివించారు. కానీ ఇక్కడి డిగ్రీకి ఇక్కడ పని దొరక్క, ఇక్కడి పొలానికి నీళ్లు అందక వెళ్లినవాళ్ల అడుగుల్ని కూడా కూడి, ఆ మొత్తాన్ని ‘అభివృద్ధి సూచిక’ అని చూపిస్తే మాత్రం ఒప్పుకోను. ఎడారిలో కూలిపోయి పెట్టెలో తిరిగొచ్చిన మనిషి ఆ సంఖ్యలో ఉండడు. అతను సరుకు రవాణా విభాగం గుండా వస్తాడు. ప్రయాణికుల సంఖ్య పెరిగిన ప్రతిసారీ పండగ చేసుకునేవాళ్లు ఈ తేడాను ఒక్కసారైనా ఆలోచించాలి.

“శంషాబాద్ కట్టారు కాబట్టే కదా హైదరాబాద్ ఇంత ఎదిగింది” అన్నది రెండో వాదం. వరస తిరగబడింది. బేగంపేటలో 1930ల నుంచీ విమానాలు దిగుతూనే ఉన్నాయి. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ అక్కడి నుంచే నడిచి, 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అప్పటినుంచి నాలుగు దశాబ్దాల పాటు విమానాశ్రయం ఉండీ హైదరాబాద్ ఆకాశంలో పెద్ద రద్దీ లేదు. రద్దీ తెచ్చినవి వేరే. ఐడీపీఎల్ నుంచి బయటికొచ్చిన మందుల పరిశ్రమ, తార్నాక నుంచి ఉప్పల్ రోడ్డు వరకూ వరసగా ఉన్న ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలు, ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ, 1998లో సైబర్ టవర్స్. వీటన్నిటి ఫలితంగా బేగంపేటలో ఏటా ప్రయాణికులు అరవై లక్షలు దాటి నిలబడటానికి చోటు లేకపోతే, అప్పుడు 2008 మార్చిలో శంషాబాద్ తెరిచారు. జనం ముందొచ్చారు, భవనం తర్వాత వచ్చింది. జిల్లా విమానాశ్రయాల విషయంలో మనం భవనం ముందు కట్టి జనం కోసం ఎదురుచూస్తామంటున్నాం.

అలా ఎదురుచూసిన అనుభవం మనకు లేకపోలేదు. 2017 ఏప్రిల్ 27న ప్రధాని, చిన్న పట్టణాలకు రాయితీతో విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద జెండా ఊపిన తొలి విమానాల్లో కడప-హైదరాబాద్ సర్వీసు ఒకటి. గంట ప్రయాణానికి 2,500 రూపాయల గరిష్ఠ ధర, సంస్థకు వచ్చే లోటును మూడేళ్లపాటు పూడ్చడానికి నిధి. హైదరాబాద్ నుంచే పుట్టిన ట్రూజెట్ ఆ సర్వీసు నడిపింది. 2022 ఫిబ్రవరిలో ఆ సంస్థ విమానాలు మొత్తంగా ఆగిపోయాయి. కాచిగూడలో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి కడపలో దింపే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ మాత్రం నడుస్తూనే ఉంది. 2018 డిసెంబరులో విజయవాడ నుంచి సింగపూర్‌కు విమానం మొదలైంది. లోటు వస్తే రాష్ట్రమే భరిస్తుందన్న ఒప్పందం మీద నడిచింది. 2019లో ఆ నిధి ఆగింది, విమానమూ ఆగింది. 2021 మార్చిలో కర్నూలు దగ్గర ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో విమానాశ్రయం ప్రారంభించి బెంగళూరు, చెన్నై, విశాఖలకు సర్వీసులు వేశారు. వాటిలో కొన్ని ఆ తర్వాత నిలిచిపోయాయి.

ఇవి విడివిడి సంఘటనలని కొట్టిపారేసేవాళ్ల కోసం కాగ్ 2023లో దేశమంతటి ఉడాన్ లెక్క బయటపెట్టింది. మూడో విడత వరకు 774 మార్గాలు కేటాయిస్తే 403 మార్గాల్లో విమానం మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల రాయితీ గడువు పూర్తి చేసుకున్నవి 112. గడువు ముగిశాక కూడా నడుస్తున్నవి 2023 మార్చి నాటికి 54. అంటే కేటాయించిన మార్గాల్లో వందకు ఏడు. “ముందు కట్టండి, జనం వాళ్లే వస్తారు” అనే వాదానికి దేశంలో ఇంతకంటే పెద్ద పరీక్ష జరగలేదు. ఆ పరీక్షలో అది తప్పింది.

కర్నూలు ఎందుకు నిండదో తెలుసుకోవడానికి మ్యాపు చూస్తే చాలు. కర్నూలు నుంచి హైదరాబాద్ వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి శంషాబాద్ మీదుగానే నగరంలోకి వస్తుంది. కర్నూలు మనిషి ఊళ్లో ట్రాఫిక్ ముట్టుకోకుండానే, దేశంలోని పెద్ద విమానాశ్రయాల్లో ఒకదాని గేటు దగ్గర దిగుతాడు. అక్కడ అతనికి రోజంతా విమానాలున్నాయి, పది సంస్థల మధ్య పోటీ ఉంది, టికెట్ చౌక. ఓర్వకల్లులో రోజుకు ఒకటో రెండో విమానాలు, ఆలస్యమైతే ఇంకో దారి లేదు. ఏది ఎంచుకుంటాడు? వరంగల్ పరిస్థితీ ఇదే. 145 కిలోమీటర్ల దూరం. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నగరం తాకకుండా శంషాబాద్. ఇటు విశాఖ, తిరుపతి, రాజమండ్రి కథ వేరు. హైదరాబాద్‌కు అవి రాత్రంతా ప్రయాణం చేయాల్సినంత దూరం, చుట్టూ ఓడరేవో యాత్రాస్థలమో చమురు, ఆక్వా వ్యాపారమో ఉంది. అందుకే అక్కడ విమానాలు నిండుతున్నాయి. నేను విమానాశ్రయాలన్నిటికీ వ్యతిరేకిని కాను. దూరం, సంపాదన రెండూ ఉన్నచోట అవి నిలబడతాయి, ఏ ఒక్కటి లేకపోయినా నిలబడవు.

శ్రీలంక ఉదాహరణ చూడండి. చుట్టూ సముద్రం, బయటి ప్రపంచానికి విమానమే ద్వారం. కొలంబో పక్కన కటునాయకె విమానాశ్రయంలో 2018లో ప్రయాణికులు కోటి దాటారు. ఆ కోటిని చూసి ఉత్సాహపడటంలో తప్పులేదు. కానీ దక్షిణాన హంబన్‌తోట జిల్లాలో, అడవి పక్కన మత్తలలో, ఏడాదికి పది లక్షల మంది వస్తారని అంచనా వేసి, ఎక్కువ భాగం చైనా అప్పుతో దాదాపు 21 కోట్ల డాలర్లు పోసి 2013 మార్చిలో రెండో అంతర్జాతీయ విమానాశ్రయం తెరిచారు. విమాన సంస్థలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. గోదాముల్లో ధాన్యం నిల్వ చేశారు. రన్‌వే మీదికి వచ్చే ఏనుగుల్ని, జింకల్ని తరమడానికి సైనికుల్నీ పోలీసుల్నీ దించాల్సి వచ్చింది. 2018లో చివరి రెగ్యులర్ సర్వీసూ ఆగింది. అప్పు మాత్రం ఆగలేదు. ఒక విమానాశ్రయపు రద్దీని చూపించి రెండోదాన్ని కట్టడం ఎంత ప్రమాదమో ఒక ద్వీపదేశానికే ఇలా తెలిసొచ్చింది. మాల్దీవుల్లో ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోవాలంటే పడవో విమానమో తప్ప దారి లేదు. పపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి కొండప్రాంతాల పట్టణాలకు రోడ్డే లేదు. అక్కడ చిన్న విమానాశ్రయం కనీస అవసరం, దానికి సర్కారు సొమ్ము పెట్టడం న్యాయం. హైదరాబాద్‌కూ మహబూబ్‌నగర్‌కూ మధ్య ఏ సముద్రం ఉంది? రైలు పట్టాలున్నాయి, నాలుగు వరసల రోడ్డుంది.

చిన్న విమానాశ్రయం నడవడం ఎలాగో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే వాదించేవాళ్లు శంకుస్థాపన దగ్గరే ఆగిపోతారు. డెబ్భై సీట్ల ఏటీఆర్ విమానం రోజుకు ఒక్కటి వచ్చిపోయి, అన్ని సీట్లూ నిండినా, ఏడాదికి వచ్చే ప్రయాణికుల సంఖ్య 51 వేలు. ఆ ఒక్క విమానం కోసం అగ్నిమాపక శకటాలు సిద్ధంగా ఉండాలి, భద్రతా సిబ్బంది ఉండాలి, టవర్‌లో మనుషులుండాలి, రన్‌వే లైట్లు, ఏసీ, కరెంటు బిల్లు అన్నీ ఉండాలి. శంషాబాద్ లాంటి చోట దుకాణాల అద్దెలు, పార్కింగు, భూముల మీద వచ్చే ఆదాయం ఆ ఖర్చును మోస్తాయి. రోజుకు నూటనలభై మంది వచ్చేచోట టీ దుకాణం కూడా గిట్టుబాటు కాదు. ఉడాన్ నిబంధనల ప్రకారం విమాన సంస్థ లోటులో ఐదో వంతు రాష్ట్రం భరించాలి, భూమి ఉచితంగా ఇవ్వాలి, పోలీసు, అగ్నిమాపక సేవలు ఉచితంగా ఇవ్వాలి. ఆ డబ్బు వచ్చేది రాష్ట్ర ఖజానా నుంచి. ఖజానాలో విమానం ఎక్కేవాడి పన్ను ఎంతుందో, ఎర్రబస్సు ఎక్కేవాడి పన్నూ అంతకు తక్కువ లేదు.

వరంగల్ మిత్రులు ఇక్కడ కోపంగా ఒక మాట అంటారు, దాన్ని దాటవేయను. “తార్నాకలో కూర్చుని ఆ మాట మీకు తేలికే సార్. మీకు బేగంపేట ఇచ్చిన్రు, శంషాబాద్ ఇచ్చిన్రు. మామునూరు ఎయిర్‌పోర్టు మాకు నిజాం కాలంలనే ఉండె. 1981 నుంచి మూసిపెట్టిన్రు. 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్టు రావొద్దని శంషాబాద్ కంపెనీతోని రాసుకున్నరు. మాకు అన్యాయం చేసింది మీ హైదరాబాదే.” ఇందులో సగం నూటికి నూరుపాళ్లు నిజం. పాతికేళ్లపాటు 150 కిలోమీటర్ల పరిధిలో పోటీ లేకుండా ఒక ప్రైవేటు సంస్థకు హామీ రాసిచ్చే హక్కు ఏ ప్రభుత్వానికీ ఉండకూడదు. ఆ షరతు నుంచి మినహాయింపు దొరికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం మామునూరుకు అనుమతి ఇవ్వడం మంచిదే. కానీ అడ్డు తొలగినంత మాత్రాన ప్రయాణికులు వస్తారని ఎవరు చెప్పారు? మామునూరులో అప్పటికే ఉన్న దాదాపు 700 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాలు సేకరించడానికి 2024 నవంబరులో ప్రభుత్వం 205 కోట్లు విడుదల చేసింది. నక్కలపల్లి, గుంటూరుపల్లి రైతులు పరిహారం కోసం రోడ్డెక్కారు. ఏడాదికి రెండు పంటలు తీసే భూమి అది. ఆ భూమికి బదులుగా వరంగల్‌కు దక్కేది, ఖాళీ సీట్లతో వచ్చిపోయే ఏటీఆరా? అన్యాయం సరిచేయాలంటే హైదరాబాద్‌లో పోగుపడ్డ ప్రభుత్వ సంస్థల్ని, పరిశోధన కేంద్రాల్ని, పరిశ్రమల్ని వరంగల్‌కు తరలించండి. 2017లో శంకుస్థాపన చేసిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కును మగ్గాలతో నింపండి. అప్పుడు విమానం అడగాల్సిన పని ఉండదు. ప్రయాణికులున్నచోటికి విమాన సంస్థలు తమ సొంత డబ్బుతోనే వస్తాయి.

జిల్లాకో విమానాశ్రయం ఇస్తామనేవాళ్లకు ఉస్మానియా హాస్టల్ విద్యార్థుల ప్రయాణం చూపించాలని ఉంటుంది నాకు. పండగ ముందు రోజు సికింద్రాబాద్ స్టేషన్‌లో మహబూబాబాద్, మంచిర్యాల వైపు పోయే రైలు వచ్చినప్పుడు జనరల్ బోగీ గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని వేలాడేది వాళ్లే. పుస్తకాల సంచి కిటికీలోంచి లోపలికి విసిరి, ఎవరైనా పట్టుకుంటారని నమ్మి, తాము వాకిలి దగ్గర పోరాడతారు. రైళ్లకు జనరల్ బోగీలు ముందూ వెనకా రెండేసి. ఈ పిల్లల ఊళ్లకు విమానాశ్రయం ఇస్తామని వేదికల మీద చెబుతున్నారు, వీళ్లలో కొందరు చప్పట్లు కొడుతున్నారు కూడా. వాళ్లను తప్పుపట్టను. గౌరవం కోరుకోవడం తప్పు కాదు. ఆ గౌరవాన్ని వాళ్లు ఎక్కలేని వాహనంలో చూపిస్తున్నవాళ్లదే తప్పు.

అసలు ఉన్న విమానాశ్రయానికే మనం రైలు వేసుకోలేదు. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఆర్ట్స్ కాలేజీ పేరుతో ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది. ఆ దారే కాచిగూడ, ఫలక్‌నుమా మీదుగా 2023 ఏప్రిల్‌లో ఉందానగర్ దాకా పొడిగించారు. ఉందానగర్ నుంచి శంషాబాద్ టెర్మినల్‌కు మిగిలింది కొద్ది కిలోమీటర్లు. ఆ కాస్త దూరం పట్టాలు పడలేదు. రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టు మెట్రోకు 2022 డిసెంబరులో శంకుస్థాపన చేసి, ఏడాది తిరగ్గానే దారి మార్చేశారు. 2008 నుంచి ఇన్నేళ్లుగా నగరానికీ విమానాశ్రయానికీ మధ్య రాకపోకలన్నీ రోడ్డు మీదే సాగుతున్నాయి. ఢిల్లీకి విమానంలో పట్టే సమయంలో మూడొంతులు తార్నాక నుంచి శంషాబాద్ చేరడానికే పోయే రోజులున్నాయి. ప్రయాణికుల పట్ల నిజంగా శ్రద్ధ ఉన్న ప్రభుత్వం మొదట చేయాల్సిన పని ఇది, పైగా దీనికి రైతు భూమి పెద్దగా అక్కర్లేదు.

కాబట్టి జిల్లాకో విమానాశ్రయం అడిగే మిత్రులకు నా మనవి ఇది. మీ ఎమ్మెల్యే, మీ ఎంపీ ఈసారి ఆ హామీ ఇచ్చినప్పుడు చప్పట్లు కొట్టే ముందు అడగండి: మన జిల్లా నుంచి శంషాబాద్ దాకా పోయి విమానం ఎక్కుతున్న మనుషులు, రాకపోకలు కాదు, మనుషులు ఎంతమంది? రాయితీ ఆగిపోయిన నాలుగో ఏడాది టికెట్ ధర ఎంత, ఆ నష్టం ఎవరు కడతారు? జవాబు లెక్కలతో కాగితం మీద వచ్చేదాకా ఒక్క ఎకరం కూడా ఇవ్వకండి. ఈలోగా ఉందానగర్ పట్టాలను టెర్మినల్ దాకా వేయమని, కాజీపేట వైపు పోయే ప్రతి రైలుకూ ఇంకో రెండు జనరల్ బోగీలు తగిలించమని మాతో కలిసి అడగండి.